ఎవరి మనుషులు

ఆ కార్యక్రమం మా బడికి రావడం నాకు మొదటి రోజు నుంచీ ఇష్టం లేదు. దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టడం అసలే ఇష్టం లేదు. సోషల్ చెప్పే టీచర్ని కాబట్టి అస్తిత్వం, సంఘీభావం లాంటి మాటలు ఎక్కడ వినిపించినా అవి నా వంతుకే వస్తాయని మా హెడ్మాస్టర్ నమ్మకం. "మీరే చూసుకోవాలె మేడమ్, మీకు అలవాటే గదా" అన్నాడాయన. ఏం అలవాటో ఆయనే చెప్పాలి. చేవెళ్లలో కిరాయి ఇంట్లో ఉంటూ, పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే మొయినాబాద్ వైపు వెళ్ళే బస్సెక్కి, దారిలో ఉన్న ఈ ఊరి బడి ముందు దిగుతున్నాను. నాకు అలవాటంటూ ఏదైనా ఉంటే అది బస్సులో నిలబడటమే.

సిటీ నుంచి ఒక సంస్థ తరఫున ఇద్దరు వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరికీ పాతికేళ్ళు దాటి ఉండవు. కారు నిండా చార్టులు, స్కెచ్ పెన్నులు, రంగు కాగితాలు. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఎనిమిదో తరగతిలో ఒకరికి మెంటర్‌గా ఉండాలట. ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు ఇద్దరిద్దరు కలిసి కూర్చోవాలట. ముందు తామెవరో తెలుసుకోవాలి, తర్వాత ఎదుటివాళ్ళెవరో తెలుసుకోవాలి, ఆ తర్వాత ఒకరికొకరు అండగా నిలవాలి. ఇదీ పథకం. పేరు "తోడు". ఆ అమ్మాయి ఈ సంగతులు చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. అంత నవ్వు నాకు పడదు. అవతల పదో తరగతి సిలబస్ సగం కూడా కాలేదు.

"మేడమ్, మీరు వెనకాల కూర్చుని అబ్జర్వ్ చేయండి చాలు" అంది నాతో. ఆ అమ్మాయి బడిలో చేరకముందే నేను బీఈడీ చేశాను. ఒళ్ళు మండింది. సరే, అబ్జర్వే చేద్దాం అనుకుని చివరి బెంచీలో కూర్చున్నాను.

పిల్లలకు పంచమని ఒక కాగితాల కట్ట నా చేతికే ఇచ్చారు. దాని మీద ఐదు ప్రశ్నలున్నాయి. ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్చినట్టు చూడగానే తెలిసిపోతోంది. మీకు ఇష్టమైన పని ఏమిటి, మీరు దేనికి భయపడతారు. ఇవి బాగానే ఉన్నాయి. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "మీరు ఎవరి మనుషులు?"

వాళ్ళ ఉద్దేశం నాకు అర్థమైంది. మీ వాళ్ళెవరు, ఇంట్లోవాళ్ళు, దోస్తులు, మీకంటూ ఉన్నవాళ్ళు ఎవరు అని అడగబోయారు. కానీ మా వైపు చాయ్ హోటల్ దగ్గర ఎవరైనా "ఎవలి మనుషులు మీరు?" అని అడిగితే దానికి ఆ అర్థం లేదు. ఏ లీడర్ వెనక తిరుగుతారు, ఎవరి పొలంలో పని చేస్తారు, ఎవరు చెబితే ఓటేస్తారు అని దాని అర్థం. ఇక్కడ పుట్టిన పిల్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కాగితాలు పంచడానికి ఇంకా పది నిమిషాల టైముంది. "ఆ మాట మార్చండి, మీ వాళ్ళు ఎవరు అని రాయండి" అని నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆ నవ్వుతున్న అమ్మాయి జవాబులు చదువుతూ తెల్లమొహం వేస్తే చూడాలనిపించింది. అంతే. ఇంతకంటే మంచి కారణం ఏదైనా ఉందేమోనని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

అనుకున్నట్టే అయింది. ఒకడు ఒక పార్టీ పేరు రాశాడు. ఇంకొకడు మాజీ సర్పంచ్ పేరు రాశాడు. ఒకమ్మాయి "ఓట్లప్పుడు చెప్తానని మా నాయిన అన్నడు" అని రాసింది. ట్రైనర్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. నన్ను అబ్జర్వ్ చేయమన్నారు కదా, చేశాను.

జంటల్ని చీటీలు తీసి కలిపారు. ఒక చీటీ తీయగానే పిల్లలంతా మెడలు తిప్పి నా వైపు చూశారు. ట్రైనర్లు మాత్రం చప్పట్లు కొట్టారు. వాళ్ళకేం తెలుసు?

ఆ చీటీలో ఎనిమిదో తరగతి పేరు పటేలు బిడ్డది. ఊరంతా పటేలా అని పిలిచే పెద్ద రైతు ఆయన. టమాట, క్యారెట్, పూల తోటలు ఉన్నాయి. రోడ్డు పక్క భూమి కొంత ఫామ్‌హౌస్‌ల వాళ్ళకు అమ్మాడు. ఈసారి సర్పంచ్‌గా నిలబడాలని చూస్తున్నాడు. అందుకని బళ్ళు తెరిచే రోజున బిడ్డను మొయినాబాద్‌లోని ప్రైవేటు బడి మానిపించి మా బడిలో చేర్పించాడు. గేటు పక్కన ఫ్లెక్సీ కట్టించాడు. ఆయన దండం పెడుతున్నాడు, పక్కన ఆ పిల్ల బ్యాగు వేసుకుని నిలబడి ఉంది, పైన "సర్కారు బడే నా బిడ్డ బడి" అని పెద్ద అక్షరాలు. ఫోటోలో ఆయనొక్కడే నవ్వుతున్నాడు. మా హెడ్మాస్టర్ ఆ రోజు ఆయనకు శాలువా కప్పాడు.

చీటీలో రెండో పేరు పదో తరగతి అమ్మాయిది. వాళ్ళమ్మ పెళ్ళై ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ ఆ పటేలు తోటలోనే పని చేస్తోంది. అమ్మాయి తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడితే అవతలివాళ్ళు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేలా మాట్లాడుతుంది. ఒకసారి నేను జాగీర్ల పాఠం చెబుతుంటే "ఇప్పుడు లేవా మేడమ్?" అని అడిగింది. పరీక్షలో రాదులే అని దాటేశాను.

మరుసటి శనివారం ట్రైనర్లు రాలేదు. వాళ్ళు నెలకోసారే వస్తారు. జంటలు తమ కాగితాలు మార్చుకుని చదువుకోవాలని చెప్పి వెళ్ళారు. నేను వరండాలో నోటుబుక్కులు దిద్దుతున్నాను. ఆ ఇద్దరూ నాకు రెండు బారల దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. చిన్నమ్మాయి మూడో ప్రశ్నను తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. "మాకు పదకొండు మంది మనుషులు ఉన్నారు" అని రాసి, వరుసగా పదకొండు పేర్లు వేసింది. వాటి కింద ట్రాక్టరు, రెండు ఆవులు. ప్రైవేటు బడి తెలుగు కాబట్టి పేర్లలో సగం ఒత్తులు లేవు. ఏడో పేరు ఆ పదో తరగతి అమ్మాయి తల్లిది.

"ఇది మా అమ్మ పేరు" అంది పెద్దమ్మాయి.

"అవ్."

"మా అమ్మ మీ మనిషా?"

"మా డాడీ గట్లనే అంటడు. మన మనుషులు వచ్చిన్రు, మన మనుషులకు చాయ్ పొయ్యుండ్రి అని. నాకు ఆమె అంటే మస్తు ఇష్టం. నాకు మక్క కంకులు కాల్చిస్తది." నిజంగా ఇష్టంతోనే చెప్పింది. ఇష్టమైన వాళ్ళ పేర్లే రాసుకున్నానని అనుకుంటోంది.

"ఏమని పిలుస్తవ్ మా అమ్మను?"

చిన్నమ్మాయి ఆ పేరు చెప్పింది. ఒట్టి పేరు. నలభై ఏళ్ళ ఆడమనిషిని పదమూడేళ్ళ పిల్ల పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిల్ల గొంతులో పొగరు ఇసుమంత కూడా లేదు. చుట్టుపక్కల అందరూ అలాగే పిలిస్తే తను మాత్రం ఇంకెలా పిలుస్తుంది?

పెద్దమ్మాయి ఎర్ర పెన్ను మూత తీసి ఏడో పేరు మీద ఒక గీత కొట్టింది. "నేను నీకేం గావాలె?" అని అడిగింది.

"మెంటర్."

"గాదు. అక్కను. మా అమ్మ నీకు పెద్దమ్మ. ఇగ నుంచి గట్లనే పిలువు."

చిన్నమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా పేపర్ ఖరాబ్ చేసినవ్" అంది. కాసేపు ముక్కు ఎగబీల్చి, "పెద్దమ్మ అంటే ఆమె కోపం చేస్తదా అక్కా?" అని అడిగింది. అక్కా అనడం తనకు తెలియకుండానే మొదలైపోయింది.

సిటీ నుంచి వచ్చినవాళ్ళు ఏడాదంతా చార్టులు అతికించినా జరగనిది నా ఎదురుగా ఐదు నిమిషాల్లో జరిగింది. నేను లేచి వెళ్ళి ఆ ఇద్దరి పక్కన కూర్చోవలసింది. దానివల్ల ఊళ్ళో ఏమవుతుందో ఆ పిల్లలకు తెలియకపోయినా నాకు తెలుసు కాబట్టి, కనీసం ఒక హెచ్చరికైనా చేయవలసింది. మళ్ళీ నోటుబుక్కుల్లో తల దూర్చాను.

ఆదివారం పటేలు తోటలో బంతిపూలు తెంపుతున్నారు. ఆ చిన్న పిల్ల గట్టు మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, అందరి ముందూ "పెద్దమ్మా!" అని పిలిచిందట. ఆ సమయానికి పటేలు అక్కడే ఉన్నాడు. ఎన్నికల మాట మీద వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు కూడా ఉన్నారు. పూలు తెంపే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఒకావిడ "పటేలా, ఇగ మనం చుట్టాలమైనం" అందట. పటేలు ఆ పిలుపును ఎలాగో మింగేవాడేమో గానీ ఆ నవ్వును మింగలేకపోయాడు.

సోమవారం ప్రార్థన కాకముందే పటేలు వచ్చి హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నాడు. కూర్చున్నది హెడ్మాస్టర్ కుర్చీలో. హెడ్మాస్టర్ బీరువా పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను పిలిపించారు.

"మేడమ్, నా బిడ్డను బడికి పంపింది చదువు కోసం. వరుసలు నేర్పుమని గాదు" అన్నాడు.

ఆ మనిషి అప్పటికి పది రోజులుగా వాడవాడా తిరుగుతున్నాడు. ప్రతి గడప ముందూ చేతులు జోడించి "అవ్వా మంచిగున్నవా, అక్కా పానం ఎట్లున్నది" అంటున్నాడు. ఆ పదో తరగతి అమ్మాయి తల్లి గడప ముందు కూడా నిలబడి అక్కా అన్నాడని పిల్లలే చెప్పారు. నా నోరు ఊరుకోలేదు.

"మీరు గూడ పోయిన వారం ఆమెను అక్కా అన్నరట గదా పటేల్‌గారూ" అన్నాను.

"గది వేరే."

"ఎట్ల వేరే? ఒక్క తప్పు మాత్రం జరిగింది, ఒప్పుకుంట. మీకు అక్క అయితే మీ బిడ్డకు అత్త అయితది, పెద్దమ్మ గాదు. వరుస నేను దిద్దిస్త."

హెడ్మాస్టర్ "మేడమ్, మీరు జర ఆగుండ్రి" అంటూ ముందుకొచ్చాడు. పటేలు మొహం ఎర్రబడింది. నాకు ఆ క్షణంలో భలే సంతోషం కలిగింది. అది ఎంతసేపు నిలిచిందంటే, ఆయన నోరు తెరిచేదాకా.

"రేపు ప్రార్థనల అందరి ముంగట ఆ పొల్ల నా బిడ్డకు మాఫీ చెప్పాలె. నేనొచ్చి కూసుంట. చెప్పకపోతే వాళ్ళమ్మను రేపటి నుంచే పనికి రావద్దని చెప్పుండ్రి. నా తోటలనే గాదు, ఈ ఊళ్ళ ఎవలూ పిలువరు. ఇంక ఆ కాగితాలు గూడ అన్ని నాకు గావాలె."

మొదట ఆయన అడగడానికి వచ్చింది ఇంత కాదని హెడ్మాస్టర్ తర్వాత నాతో అన్నాడు. పిల్లను పిలిచి మందలించమని మాత్రమే అన్నాడట. నేను అత్త, పెద్దమ్మ అని వెటకారం చేశాకే మాఫీ, అందరి ముందు, పని బంద్ అనే మాటలు వచ్చాయి. పెద్ద నోరు నాది, పోయేది వాళ్ళ పని.

పదో తరగతికి వెళ్ళి కాగితాలన్నీ తెమ్మన్నాను. తమ దగ్గరున్న ఎనిమిదో తరగతి వాళ్ళ కాగితాలతో సహా తెచ్చి ఇచ్చారు. స్టాఫ్ రూంలో విప్పి చూస్తే, ప్రతి కాగితంలోనూ మూడో ప్రశ్న కింద రాసిన జవాబు మీద ఎర్ర గీత ఉంది. పార్టీ పేరు మీద గీత, మాజీ సర్పంచ్ మీద గీత, "ఓట్లప్పుడు చెప్తానని" అన్న నాయిన మీద గీత. ఒకే పెన్ను చేతులు మారినట్టుంది, చివరికొచ్చేసరికి సిరా సన్నబడింది. ఒకడు కాగితం చిరిగేలా కొట్టాడు. ఏడో పేరు కొట్టేసిన ఆ అమ్మాయి సొంత కాగితం మీద మాత్రం గీత లేదు. ఆమె మూడో ప్రశ్నకు జవాబే రాయలేదు. ఆ కట్టను నా బ్యాగులో పెట్టుకుని, కాగితాలు సిటీ వాళ్ళు తీసుకుపోయారని హెడ్మాస్టర్‌కు అబద్ధం చెప్పాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

సాయంత్రం గంట కొట్టాక ఆ తల్లి వచ్చింది. గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. పటేలు మీద అరుస్తుందనుకున్నాను. నా మీద అరిచింది.

"మీరు పొద్దుగాల వస్తరు, పొద్దుమీకి బస్సెక్కి పోతరు. మేం ఈడనే ఉండాలె మేడమ్. నా బిడ్డకు గీ ముచ్చట్లన్ని ఎవలు నేర్పుమన్నరు? పరీక్ష పాసైతే చాలదా? రేపు దానితోని మాఫీ చెప్పించుండ్రి. మీ మాటనే ఇంటది."

జవాబు చెప్పాల్సింది పోయి, "ఆ పాప పెద్దమ్మా అని పిలిస్తే నీకెట్ల అనిపించింది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మంచిగనే అనిపించింది" అంది. "గందుకే భయమైంది."

ఆ అమ్మాయి అప్పటిదాకా సైకిల్ స్టాండ్ దగ్గర నిలబడి ఉంది. తల్లిని పంపించేసి ఆమె దగ్గరికి వెళ్ళాను. నచ్చజెప్పాలి కదా. ఒక్క మాట, ఒక్క నిమిషం, మీ అమ్మ పని నిలబడుతుంది అన్నాను. ఆమె తలెత్తలేదు. మెత్తబడుతుందేమోనని, నిజం చెబితే నా మీద గౌరవం పెరుగుతుందేమోనని కూడా కావచ్చు, ఆ మూడో ప్రశ్న సంగతి చెప్పేశాను. "తప్పు నీది కాదు బిడ్డా. ఆ ప్రశ్ననే తప్పు. నేను ముందుగాలనే చూసిన."

"చూసి ఎందుకు చెప్పలే?"

"వాళ్ళ మీద కోపంతోని."

"వాళ్ళ మీద కోపం మా మీద తీసిన్రా మేడమ్?"

కోపం నాకు కొత్త కాదు. ఎవరైనా ఒకటంటే రెండు అనగలను. ఆ పిల్లను మాత్రం మళ్ళీ రేపటి మాఫీ సంగతే అడిగాను. "రేపు చెప్త" అని ఆమె సైకిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం ప్రార్థనకు పటేలు వచ్చాడు. వరండాలో కుర్చీ వేయించారు. పిల్లలంతా తరగతుల వారీగా వరుసల్లో నిలబడ్డారు. ప్రహరీ గోడ అవతల ఆ తల్లి పనికి వెళ్ళే వేషంలోనే, తలకు తువ్వాల చుట్టుకుని నిలబడి ఉంది. ఇవాళ తోటకు వెళ్ళాలా, ఇంటికి వెళ్ళాలా అన్నది బిడ్డ నోట్లోంచి వచ్చే మాట మీద ఉంది. హెడ్మాస్టర్ మైకులో "మన బడిల క్రమశిక్షణ ముఖ్యం" అంటూ నాలుగు ముక్కలు చెప్పి అమ్మాయిని పిలిచాడు. నేను మైకు స్టాండు పక్కనే ఉన్నాను. ఆమె వచ్చి నిలబడింది. పటేలు వైపు చూడలేదు. ఎనిమిదో తరగతి వరుసలో ఆ చిన్న పిల్లను వెతికి, ఆమెనే చూస్తూ మాట్లాడింది.

"చెల్లె, నీ కాగితం మీద నేను గీత కొట్టిన. నిన్ను అడగకుండ కొట్టిన. తప్పు నాదే, మాఫ్ చెయ్యి. ఆ గీత నువ్వే కొట్టాలె. నేను కొట్టద్దుండె."

పటేలు మాఫ్ అన్న మాట దగ్గర తలాడించబోయి మధ్యలో ఆపేశాడు. హెడ్మాస్టర్‌కు ఇది అయినట్టో కానట్టో తెలియలేదు. అప్పుడు ఎనిమిదో తరగతి వరుసలోంచి, సన్నటి గొంతే అయినా అందరికీ వినబడేలా, "సరే అక్కా" అని జవాబు వచ్చింది.

పటేలు లేచి వెళ్ళిపోయాడు. కారు తలుపు గట్టిగా వేసిన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికల్లా ఆ తల్లికి పని లేదన్న కబురు అందింది, వారం తిరగకుండా ఆ చిన్న పిల్ల మళ్ళీ మొయినాబాద్ బడి బస్సెక్కింది, "తోడు" కార్యక్రమం ఆగిపోయింది. అవన్నీ తర్వాత. ఆ క్షణంలో నేను మైకుకు అందకుండా ఆమె వైపు వంగాను. పిల్లల ముందు కళ్ళు తుడుచుకోవడం ఇష్టం లేక, ఆమెకు మాత్రమే వినబడేలా "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాను.

ఆమె నా పొగడ్త తీసుకోలేదు. మైకు స్టాండును పట్టుకుని నా వైపు జరిపింది.

"ఇగ మీరు చెప్పుండ్రి మేడమ్" అంది.

బడి మొత్తం నా వైపు చూస్తోంది. గోడ అవతల ఆ తల్లి ఇంకా కదల్లేదు. నేను చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసం కాదు, చూసీ చెప్పలేదు అన్న ఒక్క ముక్క. నోటి దాకా వచ్చింది కూడా. పక్కన హెడ్మాస్టర్ ఉన్నాడు, ఎదురుగా నేను రోజూ కళ్ళెర్రజేసి భయపెట్టే పిల్లలున్నారు. వంగి మైకు స్విచ్ ఆపేసి, అందరినీ క్లాసులకు వెళ్ళమన్నాను.